పదిహేనేళ్లకూ యాభై ఏళ్లకూ నడుమ చిక్కుకున్న కార్ల గురించి రవాణా శాఖల ఉన్నతాధికారులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖల ఉన్నతాధికారులకు నమస్కరించి రాస్తున్న లేఖ.

నా దగ్గర 1997 ఆగస్టులో రిజిస్టరైన మారుతి 800 ఒకటి ఉంది. 2019లో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి దగ్గర 28,000 రూపాయలకు కొన్నాను. దాని పక్కన, రేకుల షెడ్డులో, చక్రాలు ఊడదీసి ఇటుకల మీద నిలబెట్టిన 1986 నాటి ప్రీమియర్ పద్మిని మరొకటి ఉంది. నేను కార్ల వ్యాపారిని కాను, మెకానిక్‌నూ కాను, సంస్థానాల కాలం నాటి కార్లు సేకరించే సంపన్నుణ్ణి అసలే కాను. నెల జీతం మీద బతికే ఉద్యోగిని. ఆదివారం వస్తే పాత లుంగీ కట్టుకొని, స్పానర్ల పెట్టె ముందు పెట్టుకొని కారు కింద దూరడం నా అలవాటు. చౌకగా దొరికే పాత కారును కొని, సొంత చేతులతో బాగు చేసుకొని, దానిలోనే పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లి వచ్చే నాలాంటివాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి పట్టణంలో పదిమందైనా ఉంటారు. మాకు సంఘమంటూ లేదు. ఒకరి దగ్గర లేని బేరింగు ఇంకొకరి దగ్గర ఉందని మెకానిక్‌ల ద్వారా తెలియడం వల్ల ఏర్పడిన పరిచయాలే తప్ప మామధ్య వేరే బంధమేమీ లేదు.

మా కార్లను పరీక్షించకుండా వదిలిపెట్టమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. ఇప్పుడు జరుగుతున్న దానికంటే గట్టిగా పరీక్షించమనీ, ఆ పరీక్ష చేయవలసిన పనిని రుసుముల చేత చేయించవద్దనీ అడగడానికి రాస్తున్నాను.

ముందుగా ఒక మాట గురించి చెప్పాలి. పత్రికల్లోనూ, అధికారుల ప్రకటనల్లోనూ పదిహేనేళ్లు దాటిన ప్రతి బండినీ "కాలం చెల్లిన వాహనం" అనడం అలవాటైపోయింది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 41వ సెక్షన్ మాత్రం అలా అనలేదు. సొంత కారుకు ఇచ్చే రిజిస్ట్రేషన్ పత్రం పదిహేనేళ్లు చెల్లుతుందని, ఆ తరువాత బండిని చూసి ఐదేళ్ల చొప్పున పొడిగించవచ్చని మాత్రమే చెప్పింది. అంటే కాలం చెల్లేది కాగితానికి, కారుకు కాదు. ఢిల్లీలో పదేళ్ల డీజిలు బండ్లనూ పదిహేనేళ్ల పెట్రోలు బండ్లనూ రోడ్డెక్కనివ్వకూడదన్న హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించాక, ఆ ప్రాంతపు వాయు కాలుష్యం కోసం పెట్టిన ఆ కట్టడే దేశమంతటికీ చట్టమన్న భ్రమ మన ఊళ్లలో కూడా పాకింది. మా వీధిలోనే ఒక పెద్దాయన, పదహారేళ్ల పాటు పాపలా చూసుకున్న కారును, "ఇక తిప్పితే సీజ్ చేస్తారట" అన్న ఒక్క మాట విని పాత ఇనుము వాడికి తూకం మీద అమ్మేశాడు. ఆ కారుకు ఇంకో పదేళ్ల ఆయుష్షు ఉందని నేను చూసి చెప్పగలను. ఆయనకు చెప్పవలసినవాళ్లు ఎవరూ చెప్పలేదు. రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడిన యజమానికి మీరు పంపే సందేశంలో, "ఫారం 25 పెట్టుకొని, బండి చూపించి, మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు" అన్న ఒక్క వాక్యం చేర్చినా చాలామందికి ఈ గుబులు తప్పుతుంది.

ఇక రుసుముల సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల కింద, పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపుకు 2022 ఏప్రిల్ వరకు 600 రూపాయలుండేది. ఆ నెల నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో ఇరవై ఏళ్లు దాటిన కారుకు అది 10,000 రూపాయలకు చేరింది. పాత బండ్ల మీద రాష్ట్రాలు వేసే హరిత పన్ను దీనికి అదనం. నా మారుతికి 2027 ఆగస్టులో మళ్లీ గడువు ముగుస్తుంది. అప్పటికి దాని వయసు ముప్పై ఏళ్లు. 28,000 పెట్టి కొన్న కారుకు 10,000 పొడిగింపు రుసుము కట్టాలంటే మా వైపు చెప్పే "చారానా కోడికి బారానా మసాలా" అన్న సామెత గుర్తుకు రాక మానదు. ఈ నిబంధనలు చేసింది కేంద్రమని, వాటిని మార్చే అధికారం మీకు లేదని నాకు తెలుసు. అయినా హరిత పన్ను మీది, తనిఖీ మీది, కేంద్రానికి సిఫారసు చేసే నోరూ మీదే. అందుకే మీకు రాస్తున్నాను.

రుసుము పెంచితే యజమానులు పాత బండ్లను వదిలించుకుంటారన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. నిజంగానే కొందరు వదిలించుకుంటారు. అయితే ఎవరు? పది వేలు కట్టడం కంటే కారు వదులుకోవడమే నయమనుకొనేవాడు, అంటే డబ్బు తక్కువ ఉన్నవాడు. వాడి కారు బ్రేకులు మంచివా కావా అన్నది ఈ లెక్కలోకి రానే రాదు. డబ్బున్నవాడు బ్రేకులు పట్టని కారుకైనా పది వేలు కట్టి కాగితం తెచ్చుకోగలడు. రుసుము జేబును పరీక్షిస్తుంది. బండిని పరీక్షించవలసినది తనిఖీ అధికారి కన్ను, ఆయన చేతిలోని పరికరం.

ఆ కన్ను ఎక్కడ పడుతోందో చెప్పడానికి నా అనుభవం ఒకటి రాస్తాను. ఏ కార్యాలయమో చెప్పను. అక్కడి అధికారిపై నాకు కోపం లేదు, ఆయన చేసినది ఎక్కడైనా జరిగేదే. 2022లో నా కారును పొడిగింపు కోసం తీసుకువెళ్లాను. వెళ్లే ముందు దాదాపు రెండు నెలలు దాని మీద పని చేశాను. నాలుగు చక్రాల బ్రేకులూ విప్పి, వెనుక వీల్ సిలిండర్లలో రబ్బరు వాషర్లు మార్చి, ముందు చక్రాలకు వెళ్లే రబ్బరు గొట్టాలు చీలికలు పట్టి ఉంటే కొత్తవి వేశాను. డ్రైవరు కాలి కింద మ్యాటు ఎత్తి చూస్తే నేల రేకు అరచేయంత మేర తుప్పు పట్టి చిల్లులు పడి ఉంది. ముందు అద్దం కింద నీళ్లు పోయే సందులో వేపాకులు పేరుకొని, వాన నీళ్లు బయటికి పోలేక లోపలికి కారడమే దానికి కారణం. ఆ ముక్కను కోసి, కొత్త రేకు పెట్టి, వెల్డింగు చేయించి, పైన తుప్పు పట్టని రంగు రెండు పూతలు పూశాను. స్టీరింగ్ జాయింట్లు రెండూ మార్చాను. బయటి రంగును మాత్రం ముట్టుకోలేదు. బానెట్ మీద ఎండకు వెలిసి, తలుపు మీద ఎవరో గీరిన గీత అలాగే ఉంది.

అధికారి వచ్చి చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దించి అచ్చు తీసుకున్నారు. లైట్లు వేయించారు, హారన్ కొట్టించారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "బండి చూడటానికి బాగాలేదు, రంగు వేయించుకొని రండి" అన్నారు. బ్రేకు తొక్కి చూడలేదు. కింద వంగి చూడలేదు. నేను మ్యాటు ఎత్తి కొత్త రేకు చూపించబోతే, "అదంతా అక్కర్లేదండీ" అన్నారు. రెండు వారాల తరువాత, 14,000 రూపాయలు పెట్టి రంగు వేయించి తీసుకువెళ్తే ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. ఆ రోజే నా ముందు వరుసలో తళతళలాడే కారొకటి ఉత్తీర్ణమైంది. దాని ముందు టైరు లోపలి అంచు దారాలు బయటికి వచ్చేంతగా అరిగి ఉండటం నేను పక్కన నిలబడి చూశాను. చక్రాల వరుస తప్పిందంటే లోపలి అంచే ముందు అరుగుతుంది, బయటి నుంచి చూస్తే టైరు కొత్తదిలాగే కనిపిస్తుంది. మా మెకానిక్ చాచాతో ఈ సంగతి చెబితే, "రంగేసిన బండికి తుప్పు రాదా సార్? రంగు కిందనే కదా దాసుకునేది" అన్నాడు.

పాత కారులో ప్రాణం తీసేవి కొన్నే ఉంటాయి, అవన్నీ వంగితేనే కనిపిస్తాయి. నేల రేకు, తలుపుల కింది పట్టీ, వెనుక చక్రాల పై గూడు, సస్పెన్షన్ బిగించిన చోటు, బ్రేకు గొట్టాలు, స్టీరింగ్ జాయింట్లు, టైర్ల లోపలి అంచులు, పెట్రోలు గొట్టాలు. మారుతి 800లో తుప్పు ఎక్కడ మొదలవుతుందో వాటితో పని చేసిన ఏ టింకరింగ్ మేస్త్రీనడిగినా వరుసగా చెబుతాడు. ఇంజను పొగ, హారన్, రంగు వీటి తరువాత చూడవలసినవి. టార్చిలైటూ, చిన్న సుత్తీ, పదిహేను నిమిషాల సమయమూ ఉంటే ఒక అధికారి ఈ పరీక్ష పూర్తి చేయగలడు. తుప్పు పట్టిన రేకు మీద సుత్తితో తడితే మోత మారిపోతుంది.

యంత్రాలతో నడిచే తనిఖీ కేంద్రాలు వస్తున్నాయి. నాలాంటివాళ్లు వాటికి భయపడతారని మీరు అనుకుంటే పొరపాటు, మేము వాటి కోసం ఎదురు చూస్తున్నాం. రోలర్ల మీద నిలబెట్టి ఒక్కో చక్రానికీ బ్రేకు ఎంత పడుతోందో కొలిచే యంత్రానికి రంగుతో పని లేదు, వెలిసిన బానెట్‌ను చూసి అది మొహం చిట్లించదు. నా విన్నపం ఒక్కటే. బండి తయారైన ఏడాదికి ఏ ప్రమాణముండేదో ఆ ప్రమాణానికే యంత్రాన్ని సిద్ధం చేయించండి. కాలుష్య పరీక్షలో ఈ పద్ధతి ఇప్పటికే ఉంది. భారత్ స్టేజ్ అంటే కొత్త బండ్ల పొగకు దశలవారీగా పెట్టిన ప్రమాణం. స్టేజ్-2 కంటే ముందు తయారైన పెట్రోలు కారును నిలబెట్టి, యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజను ఆడిస్తున్నప్పుడు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతానికి, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 1500కు మించకూడదు. స్టేజ్-2 కారుకైతే అవి 0.5 శాతం, 750. స్టేజ్-4 నుంచి 0.3 శాతం, 200. ఇది న్యాయమైన విభజన. పాతదానిని కొత్తదానిలా ఉండమనదు, అలాగని పాడైపోయినదాన్ని వదిలిపెట్టదు.

ఆ కాలుష్య పరీక్షలో నా కారు కూడా ఒకసారి తప్పింది. కార్బన్ మోనాక్సైడ్ 4.6 శాతం చూపించింది. పరీక్ష చేసే కుర్రవాడు జాలిగా చూసి, "పాత బండి కదా సార్, ఇంతే ఉంటది" అన్నాడు. అంతే ఉండదని నాకు తెలుసు. ఇంటికి తెచ్చి చూస్తే గాలి ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి ఉంది, కార్బురేటర్ మీద చోక్ రేకు పూర్తిగా తెరుచుకోకుండా సగంలో ఆగిపోతోంది. దాని ఇరుసు మీద పేరుకున్న జిగురును కార్బురేటర్ క్లీనర్ కొట్టి కడిగి, ఫిల్టరు మార్చి, ప్లగ్గులు తీసి మసి తుడిచి, ఇంజను వేడెక్కాక మిక్చర్ స్క్రూను పావు చుట్టు కంటే తక్కువే లోపలికి తిప్పాను. అంతవరకు గుడగుడమంటూ వణికే ఇంజను ఒక్కసారిగా సర్దుకొని సన్నగా మోగడం మొదలుపెట్టింది. మళ్లీ తీసుకువెళ్తే 1.8 వచ్చింది. మొత్తం ఖర్చు 350 రూపాయలు, ఒక మధ్యాహ్నం. కారు వయసు ఆ మధ్యాహ్నం ముందూ తరువాతా ఒక్కటే. ఈ అలవాటు మాకు పట్టుబడటానికి కారణం ఆ పొగ లెక్కే. యంత్రం నిజం చెబితే బాగు చేసుకోవాలన్న పట్టుదల పుడుతుంది. డబ్బు కడితే వదిలేసేచోట ఆ పట్టుదలకు చోటుండదు.

పాత కార్లను రోడ్డు మీది నుంచి తప్పించాలనేవాళ్ల వాదనలో బలం లేదని నేననను. నా మారుతిలో ఎయిర్‌బ్యాగు లేదు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు. ఎంత బాగా సర్దినా కిలోమీటరుకు అది వదిలే విషం కొత్త కారు వదిలేదానికంటే చాలా ఎక్కువ. రోజుకు నూరు కిలోమీటర్లు తిరిగే పాత టాక్సీని ఆపాలంటే నేనూ చేయి ఎత్తుతాను. అయితే నా కారు ఏడాదికి తిరిగేది 2,000 కిలోమీటర్లు దాటదు. ఆఫీసుకు బస్సులో వెళ్తాను. వారానికి ఒకసారి తీసే కారునూ, రోజంతా కిరాయికి తిరిగే బండినీ పుట్టిన తేదీ ఒక్కటే చూసి ఒకే గాటన కట్టడం సరికాదని మాత్రమే అంటున్నాను.

దీనికి దారి ఒకటుందని అనిపించేలా 2021 జులైలో కేంద్రం పాతకాలపు వాహనాల నిబంధనలు తెచ్చింది. చదివి సంతోషించినంతసేపు పట్టలేదు, నిరాశపడటానికి. మొదట రిజిస్టరై యాభై ఏళ్లు దాటితేనే అది వింటేజ్ వాహనం. రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలు పోయించుకోవడానికీ, మరమ్మతులకూ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. నిజాం గారి గ్యారేజీలో ఉండవలసిన కార్లకు అది సరిపోతుంది. మన దేశంలో మధ్యతరగతిని కారెక్కించిన మారుతి 800 మొదటిది రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. అది వింటేజ్ కావాలంటే 2033 రావాలి. 2014లో తయారీ ఆగినప్పుడు వచ్చిన చివరి బండికైతే 2064. అప్పటికి ఒక్కటైనా మిగలాలంటే ఇప్పటి నుంచీ ఎవరో ఒకరు దాన్ని నడుపుతూ, బాగు చేస్తూ ఉండాలి కదా. పదిహేనో ఏట మొదలై యాభయ్యో ఏట ముగిసే ఈ ముప్పై అయిదేళ్ల ఎడారిని ఏ కారైనా ఎలా దాటుతుందో నిబంధనలు రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. జర్మనీలో ముప్పై ఏళ్లు నిండిన కారు అసలు రూపంలో, మంచి స్థితిలో ఉందని నిపుణుడు ధ్రువీకరిస్తే దాని నంబరు చివర ఒక ప్రత్యేక అక్షరం చేర్చి, రోడ్డు మీద తిరగనిస్తారు. అక్కడ చూసేది వయసునూ స్థితినీ రెండింటినీ.

మన దగ్గర పాతికేళ్లు దాటిన సొంత కార్లకు పరిమిత వాడకపు తరగతి ఒకటి ఏర్పాటు చేయడానికి కేంద్రానికి సిఫారసు చేయమని కోరుతున్నాను. ఏడాదికి 3,000 కిలోమీటర్ల హద్దు పెట్టండి. కాలుష్య పత్రం తీసుకున్న ప్రతిసారీ మీటరు అంకె అందులో నమోదు చేయించండి. ఏడాదికొకసారి పైన చెప్పిన గట్టి పరీక్ష పెట్టండి. తప్పితే బాగు చేసుకొని రమ్మనండి, మూడోసారీ తప్పితే రద్దు చేయండి. కిరాయికి తిప్పితే ఆ రోజే రద్దు చేయండి. ఇంత కట్టడికి బదులుగా పొడిగింపు రుసుమును, హరిత పన్నును కారు ఖరీదుకు తగిన స్థాయికి దించండి. మీటరు కేబులు ఊడదీస్తే అంకె ఆగిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే, ఊడదీసేవాడు ఊడదీస్తాడు. అయితే ఏడాదికి రెండు కాలుష్య పత్రాల మధ్య ఒక్క కిలోమీటరు కూడా తిరగని కారును చూస్తే తనిఖీ అధికారికి అనుమానం రాక తప్పదు.

గడువు దాటిపోయిన బండ్ల మాట దీనికంటే బాధాకరమైనది. నా పద్మిని గుంటూరు జిల్లాలో ఒక ఇంటి పశువుల పాకలో దొరికింది. దాని నంబరు 1989కి ముందు నాటి మూడక్షరాలది. యజమాని కాలం చేశాక దానిని ఎవరూ పట్టించుకోలేదు, రిజిస్ట్రేషన్ 2011లోనే ముగిసింది. ముంబైలో కుర్లాలో తయారైన ఆ కారు స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ ఉంటుంది, 1089 సీసీ ఇంజను. సీట్ల మీద కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. 2021లో 15,000 ఇచ్చి, లారీ మీద వేయించుకొని తెచ్చుకున్నాను. ఇంజను పట్టేసి ఉంటే నాలుగు సిలిండర్లలోనూ డీజిలు పోసి పది రోజులు నానబెట్టాక, క్రాంకు పుల్లీ నట్టుకు పొడవాటి కడ్డీ తగిలించి అటూ ఇటూ కదిపితే వెంట్రుకవాసి కదిలింది. ఆ కదలిక చేతికి తగిలినప్పటి సంతోషం రాతలో పెట్టలేను.

ఆ కారు ఇంజను తిరుగుతోంది కానీ కాగితం తిరగడం లేదు. 2021 అక్టోబరు నాటి సవరణ ప్రకారం గడువు దాటిన ప్రతి నెలకూ కారుకు 500 రూపాయల అదనపు రుసుము పడుతుంది. ఆ సవరణ అమలైన 2022 ఏప్రిల్ నుంచి మాత్రమే లెక్క వేసుకున్నా, నాలుగేళ్లకు 24,000. పొడిగింపు రుసుము 10,000 కలిపితే 34,000, అంటే కారు ఖరీదుకు రెండింతలకు పైమాట. దానికి వారసుల పేరు మీద మార్పిడి, రాష్ట్రం మారుతున్నందుకు నిరభ్యంతర పత్రం, ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను. ఆ కారు రిజిస్టరైన నాడు రెండు రాష్ట్రాలూ ఒకటే. పాత చేతిరాత రిజిస్టరులోని వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కలేదని ఒక కార్యాలయంలో నన్ను మూడుసార్లు తిప్పారు. రోడ్డు మీద ఒక్క గజమైనా తిరగకుండా పాకలో పడి ఉన్న బండికి ఆలస్య రుసుము దేనికో నాకు అర్థం కాదు. దాని వల్ల రోడ్డు అరగలేదు, గాలి చెడలేదు. ఇంత భారం చూసి ఇలాంటి కార్లు కొన్నవాళ్లు రెండే పనులు చేస్తున్నారు. తుక్కుకు వేస్తున్నారు, లేదా కాగితాలు లేకుండా తెల్లవారుజామున దొంగచాటుగా తిప్పుతున్నారు. రెండోది అందరికీ ప్రమాదం. కాగితం లేని బండికి బీమా ఉండదు. కనుక నడవకుండా నిలిచిపోయిన బండ్లకు ఒక్క ఏడాది గడువు ఇచ్చి, ఆలస్య రుసుము లేకుండా, గట్టి తనిఖీతో రిజిస్ట్రేషన్ పునరుద్ధరించే అవకాశం కల్పించమని కోరుతున్నాను. అలా వచ్చిన ప్రతి బండీ మీ లెక్కలోకి వస్తుంది, బీమా కిందికి వస్తుంది, ఏటా మీ కంటికి కనిపిస్తుంది.

విడిభాగాల గురించి కొంచెం చెప్పి ముగిస్తాను. మారుతి 800 ఇంజను భాగాలకు ఇప్పటికీ పెద్ద ఇబ్బంది లేదు, అదే 796 సీసీ ఇంజనుతో ఓమ్ని వ్యాన్ 2019 వరకు తయారైంది కనుక. పిస్టన్ రింగులు, హెడ్ గాస్కెట్, క్లచ్ ప్లేటు సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో అడిగితే దొరుకుతాయి. దొరకనివి తలుపు, వెనుక లైటు గాజు, అద్దం చుట్టూ ఉండే రబ్బరు, కార్బురేటర్‌లో పలుచని డయాఫ్రం. పద్మినికైతే తయారీ ఆగి పాతికేళ్లవుతోంది, బ్రేకు డ్రమ్ము కోసం కూడా లేతు మిషను దగ్గరికి పరిగెత్తవలసిందే. ఈ భాగాలన్నీ మరోచోట రోజూ నుజ్జవుతున్నాయి. 2021 తుక్కు విధానం కింద వచ్చిన అధీకృత కేంద్రాల్లోకి వెళ్లే కారులో ఇంజను పోయినా తలుపులు బాగుంటాయి, తలుపులు పోయినా అద్దాలు బాగుంటాయి. చాసిస్ నంబరు ముక్కను మీరు స్వాధీనం చేసుకోండి, ఆ కారు మళ్లీ కారుగా తిరగకుండా చూడండి, అందుకు అభ్యంతరం లేదు. నొక్కివేసే ముందు రెండు వారాలు ఆ తలుపులను, అద్దాలను, లైట్లను, రసీదుతో అమ్మకానికి ఉంచమని ఆ కేంద్రాలను ఆదేశించండి. ఆర్‌సీ చూపించినవాడికే అమ్మమనండి, దొంగ బండ్ల భాగాల బెడద కూడా తగ్గుతుంది. పక్కనే ఉన్న ఐటీఐ విద్యార్థులకు విప్పే పని అప్పగిస్తే వాళ్లకు పాఠమూ అవుతుంది. కార్బురేటర్‌ను చూడకుండానే మెకానిక్ పత్రం పుచ్చుకొనే పిల్లలు ఇప్పుడు వస్తున్నారు, స్కానరు తగిలించడానికి చోటు లేని కారును చూసి బిక్కమొహం వేస్తున్నారు.

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మా పాత రబ్బరు గొట్టాలను, డయాఫ్రంలను మెత్తబరుస్తోందన్న ఫిర్యాదు కూడా ఉంది కానీ అది మీ శాఖ పరిధిలోనిది కాదు. గొట్టాలు మార్చుకుంటున్నాం, వారానికొకసారి ఇంజను తిప్పుతున్నాం. అయితే తనిఖీలో పెట్రోలు గొట్టాల వాసన చూడటం కూడా చేర్చమని ఆ కారణంగానే మనవి చేస్తున్నాను. పాత కార్లు తగలబడటానికి మొదటి కారణం తరచూ అదే అవుతుంది.

నా మారుతి రిజిస్ట్రేషన్ 2027 ఆగస్టులో ముగుస్తుంది. గడువుకు అరవై రోజులలోపే దరఖాస్తు పెట్టుకోవాలన్న నిబంధన ప్రకారం జూన్ నెలాఖరులో ఫారం 25 పట్టుకొని, నా పరిధిలోని కార్యాలయానికి ఉదయం పదింటికల్లా వస్తాను. ఈసారి రంగు వేయించడం లేదు. 2022లో వేయించిన రంగే తలుపుల కింద పొరలు లేస్తోంది, దానిని గీకి లోపలి రేకు కనిపించేలా వదిలేస్తాను. చూసే అధికారి కోసం టార్చిలైటూ, చిన్న సుత్తీ తెస్తాను. కింద పడుకోవడానికి ఉతికిన గోనెసంచి కూడా తెస్తాను.

భవదీయుడు,
ఒక పాత మారుతి, ఇంకా నడవని ఒక పద్మినీల యజమాని